ఎంతసేపట్లో చేరతాం?

సంక్రాంతికి హైదరాబాదు నుంచి విజయవాడ బయలుదేరాం. దూరం సుమారు 270 కిలోమీటర్లు. ఎన్ని గంటలు పడుతుంది? కిలోమీటరు రాయి దూరమే చెబుతుంది. సమయం చెప్పదు.

ఒక లెక్క చూద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతే 30 కిలోమీటర్లకు అరగంట చాలు. పంతంగి టోల్‌గేటు వైపు బండ్లు బారులు తీరి, వేగం 10కి పడిపోతే? అదే దూరానికి 3 గంటలు! దూరం మారలేదు. వేగం మారింది.

ఈ సంగతి మన సెల్‌ఫోనులోని మ్యాపుకు ఎలా తెలుస్తుంది? మన ముందు పోయేవారి ఫోన్ల వల్ల తెలుస్తుంది. ఫోను ఉపగ్రహాల సాయంతో తానెక్కడుందో కనుక్కుంటుంది. ఆ వివరం మ్యాపు కంపెనీ కంప్యూటరుకు చేరుతుంది. ఎంతసేపట్లో ఎంత దూరం కదిలారో చూసి, కంప్యూటరు వేగం లెక్క కడుతుంది. దారిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు పట్టే సమయాన్ని కూడుతుంది.

అయినా అది అంచనాయే. మనం చేరేలోగా ముందు ప్రమాదం జరగవచ్చు. వాన పడవచ్చు. కాబట్టి ఫోను చెప్పిన టైముకే చేరాలని బండిని ఉరికించకండి. పరీక్షకో, రైలుకో పోవాలా? గంట ముందే బయలుదేరండి. బండి నడిపేటప్పుడు ఫోను చూడకండి. పక్కనున్న వారిని చూసి చెప్పమనండి.

ఆలస్యమైతే ఇంట్లోవాళ్ళు ఎదురుచూస్తారు. మనం క్షేమంగా చేరడమే వాళ్ళకు పండుగ.