లాభం... రెండు... మూడు...

మా మనవరాలికి నాలుగేళ్లు. బడిలో చేరిన మూడు నెలలకే వన్ నుంచి ఫిఫ్టీ దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేసింది. ఇంటిల్లిపాదీ మురిసిపోయాం. ఓరోజు భోజనాల వేళ "అమ్మలూ, ఐదు పళ్లేలు తేమ్మా" అన్నాను. చేతికి అందినన్ని తెచ్చింది. "ఎన్నున్నాయి?" అంటే "ఫిఫ్టీ!" అంది. అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ముప్ఫయ్యేళ్లుగా బ్యాంకులో డబ్బు లెక్కపెడుతున్నవాణ్ణి. అంకెలు వల్లించడం వేరు, లెక్కపెట్టడం వేరు. ఒక వస్తువుకు ఒకే అంకె. ఏదీ వదలకూడదు, దేన్నీ రెండుసార్లు లెక్కించకూడదు. చివర చెప్పిన అంకే మొత్తం. నోట్ల కట్టకైనా పళ్లేలకైనా సూత్రం ఇదే.

ఇందులో నా తప్పూ ఉంది. గంజాం జిల్లా 1936లో ఒడిశాలో కలిసినా మా బరంపురం తెలుగిళ్లలో తెలుగు లెక్కలు పోలేదు. మా ఇంట్లో నా చేతుల మీదుగా పోయాయి. బయట ఒడియా, బడిలో ఇంగ్లీషు, ఇంక తెలుగు అంకెలెందుకులే అని మా అబ్బాయికి నేర్పలేదు. మా అమ్మ మంచాన పడ్డాక, పాలవాడికి డెబ్బై రూపాయలిమ్మంటే వాడు అరవై ఇచ్చాడు. "డెబ్బై అంటే సిక్స్‌టీ కాదా నాన్నా?" అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. ఆ తర్వాత వాడికి అంకె చెప్పాల్సి వస్తే వేళ్లు చూపించేది. ఆ వేళ్లు నాకింకా కళ్లముందే ఉన్నాయి.

అందుకే మనవరాలితో మళ్లీ మొదలుపెట్టాను. పలకా బలపం లేవు. అటకమీది వామనగుంటల పీట దింపాను. పద్నాలుగు గుంటలు, గుంటకు ఐదేసి చింతపిక్కలు. ఒక్కొక్క పిక్కనూ వేలితో తాకుతూ లెక్కపెట్టిస్తాను. ఐదు పిక్కల్ని వరసగా పేర్చినా, కుప్పగా పోసినా ఐదేనని దానంతటది తెలుసుకోవడానికి వారం పట్టింది. ఖాళీ గుంట చూపించి సున్నా చెప్పాను. (మరీ చిన్నపిల్లలైతే పిక్కలు నోట్లో పెట్టుకుంటారు, పక్కనే ఉండండి.)

మన లెక్కలో సుళువులున్నాయి. హిందీలో, ఒడియాలో ఇరవై తొమ్మిదిని 'ముప్ఫైకి ఒకటి తక్కువ' అన్న అర్థంలో చెబుతారు. మనకు ఇరవై, తొమ్మిది పక్కపక్కన పెడితే చాలు. ఇబ్బందల్లా పదకొండు, పన్నెండు దగ్గరే. ఇక మనుషులకు లెక్క వేరు: ఇద్దరు, ముగ్గురు, నలుగురు... ఏడుగురు దాటితే ఎనిమిది మంది. ఇవి పుస్తకంలో కంటే ఇంట్లోనే బాగా వస్తాయి. "మనం ఎందరం? ఐదుగురం. మరి పళ్లేలెన్ని?" అని రోజూ అడిగితే చాలు.

మా అమ్మ బియ్యం కొలిచేటప్పుడు ఒకటి అనేది కాదు, 'లాభం' అనేది. మొన్న మనవరాలి చేతికి గ్లాసిచ్చి కొలవమన్నాను. "లాభం... రెండు... మూడు..." అంటూ కొలిచి, ఆగి, "మూడు, తాతయ్యా" అంది.

గుమ్మంలో నిలబడి మా అబ్బాయి వింటున్నాడు. ఆ రాత్రి నా పక్కన కూర్చుని మెల్లగా అడిగాడు: "నాన్నా, అరవై తర్వాత డెబ్బయ్యే కదూ?"