అన్నం మానేసి ప్రయాణమా? సంచిలో పంచదార మరవకండి

కొంతకాలం కిందట తీరం వైపు పల్లెకు చెందిన ఒక పెద్దాయనను గూడూరు దాటిన బస్సులోంచి నేరుగా మా ఆసుపత్రికి తీసుకువచ్చారు. చెన్నైలో బంధువుల పెళ్ళి చూసుకొని తిరిగి వస్తున్నారు. షుగరు వ్యాధి ఉంది. రెండు వారాలుగా అన్నం, ఇడ్లీ, దోసె అన్నీ మానేసి చేపలు, గుడ్లు, కూరలతో గడుపుతున్నారు. ఆ ఉదయం పెళ్ళింట్లో ఇడ్లీ, పూరీ తప్ప ఏమీ లేవు. పథ్యం చెడుతుందని ఏమీ ముట్టలేదు. చక్కెర లేని కాఫీ తాగి, రోజూ వేసుకునే షుగరు మాత్ర మాత్రం మరవకుండా వేసుకొని బస్సెక్కారు.

మధ్యాహ్నానికి ఒళ్ళంతా చెమటలు పట్టాయి. చేతులు వణికాయి, మాట తడబడింది. తాగి ఉన్నాడేమోనని కండక్టరు అనుకున్నాడట. పక్క సీటులోని అమ్మ తన బిడ్డ కోసం తెచ్చుకున్న చాక్లెట్ ఇవ్వబోతే, "నాకు షుగరు తల్లీ, తీపి వద్దు" అని ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. ఆ తరువాత ఆయనకు ఏమీ గుర్తులేదు.

దేవుని దయవలన ఆయన కోలుకున్నారు. ఆయన పథ్యం తప్పలేదు. తప్పినది మాత్రల లెక్క. తిండి, మందు ఒకే కాడికి కట్టిన రెండు ఎద్దుల వంటివి. ఒకదాన్ని ఆపి రెండవదాన్ని అదిలిస్తే బండి పక్కకు ఒరుగుతుంది. ప్రయాణంలో ఈ పథ్యం ఎలా పాటించాలని అడిగే వారందరికీ మేము మొదట చెప్పేది ఇదే.

ఈ పథ్యం ఎక్కడిది?

పిండి పదార్థాలు తగ్గించి మాంసం, చేపలు, గుడ్లు, కొవ్వు తినే పద్ధతి కొత్తది కాదు. 1797లోనే జాన్ రోలో అనే బ్రిటిషు సైనిక వైద్యుడు మధుమేహ రోగికి మాంసాహార పథ్యం పెట్టి, దాని గురించి గ్రంథం రాశారు. 1921లో టొరంటోలో ఇన్సులిన్ కనుగొనేవరకు షుగరు రోగులకు వైద్యులు ఇవ్వగలిగినది పథ్యం ఒక్కటే. మన తెలుగు జిల్లాల్లో 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారు ప్రచారం చేసిన పద్ధతితో ఇది ఇంటింటి మాట అయింది. అన్నం మానేసి, కొబ్బరినూనె, మాంసం, గుడ్లు, నిమ్మరసం తీసుకోవాలన్న ఆ పద్ధతిని వేలమంది పాటించారు. చాలామంది వైద్యులు అభ్యంతరాలు తెలిపారు.

మా మాట మధ్యస్థం. పిండి పదార్థాలు తగ్గిస్తే బరువు, షుగరు తగ్గడం మేము చూస్తున్నాము. అయితే అన్నం పూర్తిగా మానితేనే మేలు జరుగుతుందనేమీ లేదు. మన దేశంలో జరిగిన ఐసీఎంఆర్ ఇండియాబ్ సర్వే వివరాల ఆధారంగా 2022లో వెలువడిన ఒక అంచనా చూడండి. కొత్తగా షుగరు వచ్చినవారు మొత్తం ఆహార శక్తిలో పిండి పదార్థాల వాటాను 49 నుంచి 54 శాతానికి తగ్గించి, మాంసకృత్తుల వాటాను 20 శాతం దగ్గరకు పెంచుకుంటే వ్యాధి వెనక్కి తగ్గే అవకాశం ఉందని ఆ అంచనా. అంటే కంచంలో అన్నం సగమై, చేప ముక్క, కూర రెట్టింపు కావడం. ఇంతవరకైతే ప్రయాణంలో కూడా పెద్ద కష్టం లేదు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, చిన్ననాటి నుంచే ఇన్సులిన్ మీద ఉన్నవారు ఇటువంటి పథ్యాన్ని సొంతంగా మొదలుపెట్టకూడదు.

బయలుదేరే ముందు మాత్రల చీటీ చూపించండి

గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు మీరు తిన్నా తినకపోయినా షుగరును దించుతూనే ఉంటాయి. ఇన్సులిన్ కూడా అంతే. అన్నం తినే రోజుల్లో రాసిన మోతాదు అన్నం మానేసిన రోజుకు ఎక్కువవుతుంది. దానికి తోడు బస్సు ఆలస్యమై భోజనం వేళ దాటితే ప్రమాదం ముంచుకొస్తుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ భయం చాలా తక్కువ.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మాత్రలది వేరే కథ. ఇవి షుగరును మూత్రంలోకి పంపుతాయి. వీటిని వాడుతూ అన్నం బొత్తిగా మానేస్తే, లేదా ప్రయాణంలో వాంతులు, విరేచనాలతో నీరసిస్తే, రక్తంలో ఆమ్లాలు పేరుకుపోవచ్చు. దీని గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015లోనే హెచ్చరించింది. ఇందులో మోసం ఏమిటంటే, గ్లూకోమీటరులో షుగరు పెద్దగా పెరిగినట్టు కనబడకపోవచ్చు. వాంతులు, కడుపునొప్పి, వేగంగా ఊపిరి తీయడం ఉంటే మీటరును నమ్ముకొని కూర్చోవద్దు. దగ్గరలోని పెద్దాసుపత్రికి వెళ్ళి, ఈ మాత్ర పేరు, మీ పథ్యం సంగతి చెప్పండి.

బి.పి. మాత్రలు వేసుకునేవారూ గమనించాలి. అన్నం తగ్గించిన మొదటి వారాల్లో ఒంట్లోని నీరు, ఉప్పు ఎక్కువగా బయటకు పోతాయి. రోహిణి కార్తె ఎండల్లో ప్రయాణమైతే లేచి నిలబడగానే కళ్ళు తిరగవచ్చు.

కనుక ప్రయాణానికి వారం ముందే మీ మాత్రల చీటీతో రండి. మోతాదు మీకు మీరే మార్చవద్దు, మాత్ర మీకు మీరే ఆపవద్దు. కొత్త పథ్యాన్ని ప్రయాణం ముందు రోజు మొదలుపెట్టవద్దు.

ఇంటి నుంచి ఏమి కట్టుకోవాలి?

సముద్రం పక్కన ఉన్న మనకు ఈ పథ్యం ఖరీదైనది కాదు. చేపలో, కోడిగుడ్డులో పిండి పదార్థం దాదాపు లేదు. ఒక కోడిగుడ్డులో 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. చిక్కంతా మన ఎండలతోనే.

వండిన చేపలు, మాంసం మామూలు వేడిలో 2 గంటలకు మించి ఉంచకూడదన్నది సాధారణ నియమం. 32 డిగ్రీలు దాటిన ఎండలో 1 గంటే. మన చేపల పులుసు మరునాటికి రుచి పెరుగుతుంది, నిజమే. చల్లని ఇంట్లో చింతపండు పులుపు పులుసును కొంత కాపాడుతుందేమో గాని, వేడెక్కిన బస్సులో స్టీలు క్యారియరులో ఉన్న పులుసుకు ఆ భరోసా లేదు. వంజరం, కానాగడతల వంటి చేపలను పట్టిన వెంటనే ఐసులో పెట్టకపోతే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది. ఎంత మరిగించినా అది పోదు. తిన్న కొద్దిసేపటికే ముఖం ఎర్రబడి, దద్దుర్లు, తలనొప్పి వస్తాయి.

కాబట్టి పులుసు, ఇగురు ఇంట్లో తిని బయలుదేరండి. దారికి ఇవి కట్టుకోండి: అదే ఉదయం ఉడికించి, పెంకు తీయని గుడ్లు. వాటినీ మొదటి పూటకే తినేయండి. వేయించిన వేరుశెనగలు, బాదం, దోసకాయ, గట్టి జామకాయ. ఉప్పు వేసిన పల్చని మజ్జిగ. ఎండు నెత్తళ్ళ వేపుడు రెండు పూటలు నిలుస్తుంది, కాని ఉప్పు ఎక్కువ. బి.పి. ఉన్నవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు దాని జోలికి పోవద్దు. శెనగపిండి పూసి వేయించిన మసాలా పల్లీలు, వేయించిన శెనగపప్పు పేరుకు చిరుతిండే గాని, వాటిలో పిండి పదార్థం బాగానే ఉంటుంది.

హోటల్లో, రైలులో

వండిన తెల్ల అన్నం 100 గ్రాములలో సుమారు 28 గ్రాముల పిండి పదార్థం ఉంటుంది. హోటలు భోజనంలో 300 గ్రాముల అన్నం తేలికగా లోపలికి పోతుంది. అంటే 80 గ్రాములకు పైమాటే. అందుకే మీల్స్ టిక్కెట్టు కొనకుండా విడిగా కూరలు అడగండి. రెండు ఆమ్లెట్లు, ఒక చేప వేపుడు, ఒక ఆకుకూర, పెరుగు ఉంటే పూట గడిచిపోతుంది. ఖర్చు కూడా అదుపులో ఉంటుంది.

అడగవలసిన ప్రశ్న ఒకటుంది: "పిండి కలిపారా?" చికెన్ 65, మంచూరియా, కొన్నిచోట్ల చేప వేపుడు కూడా కార్న్‌ఫ్లోరులోనో మైదాలోనో ముంచి వేయిస్తారు. తందూరి, ఇగురు, మామూలు వేపుడు అయితే మేలు. బిర్యానీ తప్పకపోతే ముక్కలు తిని అన్నం పక్కన పెట్టండి. పినాకిని వంటి పగటి రైళ్ళలో బ్రెడ్ ఆమ్లెట్ దొరికితే ఆమ్లెట్ తిని బ్రెడ్ వదిలేయండి. కొబ్బరినీళ్ళలో కూడా కొంత చక్కెర ఉంటుంది. దాహానికి మొదట మంచినీళ్ళు.

కువైట్, దుబాయ్ వెళ్ళే మన పిల్లలకు, అమెరికాలో బిడ్డల దగ్గరకు వెళ్ళే తల్లిదండ్రులకు ఒక మాట. ఇన్సులిన్‌ను, మాత్రలను డాక్టరు చీటీతో సహా చేతిసంచిలోనే ఉంచుకోండి, లగేజీలో వేయకండి. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక ఉంటుంది. ఏ వేళకు ఏ మోతాదు అన్నది ముందే రాయించుకోండి. అమెరికా, ఆస్ట్రేలియా దేశాలకు మటన్ పచ్చడి, ఎండు మాంసం వంటివి తీసుకుపోతే విమానాశ్రయంలో స్వాధీనం చేసుకుంటారు, చెప్పకుండా తీసుకుపోతే జరిమానా కూడా పడవచ్చు.

బంధువుల ఇంట్లో, ప్రేమవిందులో

అన్నిటికంటే కష్టమైన చోటు ఇదే. "ఒక్క ముద్దన్నా తినకపోతే ఎట్టా మామా, మా మీద కోపమా?" అని వదినె అడిగితే ఎవరు కాదనగలరు? వరికి పేరుపడ్డ నెల్లూరు సీమలో పుట్టినవారికి అన్నం వద్దనడం మర్యాద తప్పినట్టే అనిపిస్తుంది.

మేము చెప్పే ఉపాయం చిన్నది. ముందు రోజే ఫోను చేసి ఇంటి ఇల్లాలికి చెప్పండి: "అమ్మా, నాకు నాలుగు గుడ్లు ఉడకబెట్టు చాలు, వేరే వంట పెట్టుకోవద్దు." ముందుగా చెప్పిన మాట ఎవరినీ నొప్పించదు. వడ్డించాక వద్దంటేనే నొచ్చుకుంటారు. విందు పంక్తిలో కూర్చుంటే మొదట కూర ముక్కలు, పెరుగు వడ్డించుకోండి, అన్నం చివర ఒక గరిటెడు చాలు. ఆ ఒక్క పూటకు పథ్యం చెడిపోయిందని దిగులుపడి మరుసటి పూట పస్తుండవద్దు. పస్తే ఎక్కువ ప్రమాదం.

వడ్డించే తల్లులకు కూడా మా మనవి: వద్దన్నవారి కంచంలో ప్రేమ పేరుతో అన్నం కుమ్మరించకండి. "ఏం తింటారు?" అని అడగండి. అది చాలు.

షుగరు పడిపోతే

చెమట, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి, కోపం, మాట తడబాటు. ఇవి గుర్తులు. మీటరులో 70 కంటే తక్కువ చూపినా, మీటరు దగ్గర లేకపోయినా వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగండి. అది 15 గ్రాముల దగ్గర ఉంటుంది. 15 నిమిషాలు ఆగి, తగ్గకపోతే మళ్ళీ అంతే. ఆ తరువాత ఏదైనా తినండి. గుడ్డు, వేరుశెనగ అప్పటికప్పుడు షుగరును పెంచలేవు. ఆ ఘడియలో పంచదారే మందు. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయకండి, 108కు ఫోను చేయండి.

అదేవిధంగా విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్‌లో గ్లూకోజు ఉందని మానకండి. లీటరుకు 13.5 గ్రాములే ఉంటుంది. ఉప్పును, నీటిని పేగులు లోపలికి తీసుకునేలా చేసేది ఆ గ్లూకోజే.

ప్రయాణపు సంచిలో ఉండవలసినవి

1. పంచదార పొట్లం లేదా గ్లూకోజు పొడి, చేతికి అందేచోట.
2. మాత్రలు, రెండు రోజులకు అదనంగా. డాక్టరు చీటీ నకలు.
3. గ్లూకోమీటరు, స్ట్రిప్పులు.
4. ఇన్సులిన్ ఉంటే తడిగుడ్డ చుట్టిన డబ్బాలో. ఐసు ముక్కకు తగలనీయకండి, ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టకండి.
5. నీళ్ళ సీసా, గుడ్లు, వేరుశెనగలు.
6. "నాకు షుగరు వ్యాధి ఉంది, తూలితే తీపి ఇవ్వండి" అని రాసిన చీటీ, మీ ఇంటివారి ఫోను నంబరుతో.

మొదట చెప్పిన పెద్దాయన ఇప్పటికీ నెలనెలా మా దగ్గరకు వస్తారు. మాత్ర మోతాదు తగ్గించాము. మధ్యాహ్నం ఒక గరిటె అన్నం, మిగతాది చేపలు, కూరలు. చొక్కా జేబులో చిన్న కాగితపు పొట్లం ఎప్పుడూ ఉంటుంది. ఓపీలో పక్కన కూర్చున్నవారికి దాన్ని తీసి చూపించి, అది ఎందుకో ఆయనే చెబుతుంటారు.

మీరూ క్షేమంగా వెళ్ళి, క్షేమంగా రండి.