గాలినడిగి కొనవలసిన యంత్రం

ఛందస్సు చెప్పుకొని బతికేవాడికి చల్లని యంత్రాల గొడవ దేనికని మీరడగవచ్చు. మా శ్రీమతీ అదే అడిగింది. కాని కాలేజీ లైబ్రరీని చల్లబరిచే ఏర్పాటు చూసే కమిటీలో నన్నూ వేశారు. ఆ వేసవిలోనే కర్నూలులో మా బావమరిది ఇంట పదిరోజులుండి వచ్చాను. బయట నిప్పులు చెరిగే ఎండ. లోపల కూలరు ముందు దుప్పటి కప్పుకొని నిద్ర! ఇంకేం, "ఏ.సి.లకు లక్షలు పొయ్యడం దేనికండీ, నాలుగు పెద్ద కూలర్లు చాలవూ?" అని వాదించి నెగ్గాను.

మాది కాకినాడ. నెల తిరిగినా చల్లదనం రాలేదు సరికదా, పుస్తకాల అట్టలు చేతికి జిగటగా తగలసాగాయి. వానలు మొదలయ్యేసరికి పాత పత్రికల సంపుటాలమీద బూజు! మళ్లీ దొరికే ప్రతులు కావవి.

అప్పుడు ఫిజిక్సు లెక్చరరుగారు నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పారు. లీటరు నీరు ఆవిరి కావాలంటే సుమారు 580 కిలోకాలరీల వేడి కావాలి. దాన్ని చుట్టూ ఉన్న గాలినుంచే లాక్కుంటుంది. మట్టికూజా, వట్టివేళ్ల తడికలు, కూలరు - అన్నిటి కిటుకూ ఇదే. అయితే గాలి పొడిగా ఉండాలి. థర్మామీటరుకు తడిగుడ్డ చుట్టి విసిరితే ఎంతకు దిగుతుందో, కూలరు గాలి అంతకన్న చల్లబడదు. 42 డిగ్రీల ఎండలో తేమ నూటికి 20 పాళ్లుంటే అది 24 దాకా దిగుతుంది. 36 డిగ్రీలే అయినా తేమ 65 పాళ్లుంటే 30 దగ్గరే ఆగిపోతుంది. పైగా గదిలో తేమ పెరుగుతుంది.

ఏ.సి. తోవ వేరు. కరెంటు ఎక్కువ తిన్నా, గాలిలోని తేమను చల్లని గొట్టాలమీద నీటిబొట్లుగా రాల్చి బయటికి పంపుతుంది. 1902లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో విల్లిస్ క్యారియర్ దీనికి పథకం వేసింది మనుషుల సుఖానికి కాదు. ఒక ప్రెస్సులో కాగితం తేమకు సాగి, రంగుమీద రంగు సరిగా పడక! కాగితంకోసం పుట్టిన యంత్రాన్ని కాదని కాగితాల గదికి కూలరు తెచ్చిన పండితుణ్ణి నేను.

అలాగని కూలరు చెడ్డదా? నూలుమిల్లులో గాలి పొడిబారితే దారం తెగుతుంది. అక్కడ తడిగాలే మేలు. థర్మల్ విద్యుత్కేంద్రాల దగ్గర డమరుకంలా కనిపించే ఆ పెద్ద గోపురాలు చేసేదీ, కొంతనీటిని ఆవిరిగా వదిలి మిగతానీటిని చల్లార్చడమే. నీటికి కటకటైనచోట, ఖర్చెక్కువైనా, వట్టిగాలితోనే చల్లార్చుకోవాలి.

కనుక ధర అడగండి, కరెంటు ఖర్చడగండి. అంతకుముందు మీ ఊరి గాలినడగండి.

ఇప్పుడు మా లైబ్రరీకి ఏ.సి. వచ్చింది. మూడు సంపుటాలు మాత్రం అతుక్కుపోయి విడలేదు. వాటిని నా బల్లమీదే ఉంచమన్నాను.