అడవులలో అగ్నిభయమును ముందుగా గుర్తించుట

శివరాత్రితో చలి పోవునని పెద్దలందురు. ఆ దినములలోనే చెట్లు ఆకులు రాల్చును. ఊడ్చి ప్రోగువేసిన యెండుటాకులు ఒక్క యగ్గిపుల్లకు ఎట్లు భగ్గుమనునో మనమందరము చూచియే యున్నాము. నల్లమల యడవిలో ఆ ఆకులు కొండలనిండ పరచుకొని యుండును. ఫిబ్రవరి మొదలు వానలు పడువరకు అచట అగ్నిభయము తప్పదు. దీనిని ముందుగా తెలిసికొనవచ్చునా?

ఈ విద్యకు మన సికింద్రాబాదుతో సంబంధము గలదు. 1974లో ఏర్పడిన జాతీయ రిమోట్ సెన్సింగు సంస్థ తొలినాళ్లలో ఇచటనే యుండెను. నేడది బాలానగరములో జాతీయ కేంద్రముగా నున్నది. ఉపగ్రహములు పంపు సమాచారమును షాద్‌నగరు కేంద్రము గ్రహించును. డెహ్రాడూనులోని ఫారెస్టు సర్వే సంస్థ ఉపగ్రహములు గుర్తించిన మంటలను 2004 నుండి అటవీశాఖలకు తెలుపుచున్నది.

అయితే రగిలిన మంటను చూచుట వేరు, రగులక ముందే యపాయమును అంచనా వేయుట వేరు. ఇందుకు కెనడా దేశస్థులు ఒక పద్ధతి నేర్పరచిరి. ప్రతిదినము మధ్యాహ్నము ఉష్ణోగ్రతను, గాలిలోని తేమను, గాలివేగమును, గడచిన 24 గంటల వానను కొలుతురు. వానినిబట్టి నేలపై నున్న చెత్త ఎంత యెండెనో లెక్కింతురు. పైపొర తన తేమలో చాలభాగమును ఒక దినములోనే విడుచును; దాని క్రిందిపొరకు ఇంచుమించు రెండు వారములు, లోతుపొరకు ఏడు వారములకు పైగా పట్టును. కావున ఒక్క జల్లు పడినంతమాత్రమున భయము తీరినదని తలపరాదు.

రాబోవు వేసవిని గూర్చి యోచించునపుడు గతవర్షాకాలమును గూడ చూడవలెను. వానలు బాగుగా కురిసిన భయము తగ్గునని తోచును గాని, అప్పుడు ఏపుగా పెరిగిన గడ్డియే వేసవిలో ఎండి మంటకు ఆహారమగును. వెనుకటి యేండ్లలో ఎచ్చట కాలెనో ఆ పటములును ఉపకరించును. అట్టి చోట్లనే ముందుగా ఆకులను తొలగించి, మంట దాటకుండ ఫైర్ లైన్లు తీర్తురు, కావలివారిని నియమింతురు.

కాని ఎంతటి లెక్కయు చెప్పజాలనిది యొకటి గలదు: నిప్పురవ్వ ఎవరి చేతినుండి పడునో! మన దేశపు అడవులలో మంటలు చాలవరకు మనుష్యులవలననే కలుగుచున్నవి. ఇప్పపూవు ఏరుటకై చెట్టుక్రింద ఆకులను కాల్చుట, ఆర్పక పారవేసిన బీడీ, వంటచేసి విడిచిన పొయ్యి - ఇవియే మూలములు. నేలమంటలో మొలకలు మాడును. నేలపై గూడుకట్టు పక్షుల గ్రుడ్లు నశించును.

విద్యార్థులారా! హైదరాబాదునుండి శ్రీశైలమునకు పోవు బాట అమ్రాబాదు పులుల యడవిలోనుండియే పోవును. వేసవి సెలవులలో తలిదండ్రులతో ఆ త్రోవను పోవునపుడు అచట నిప్పు రాజేయకుడు, రాజేయనీయకుడు. పొగ కనబడిన వెంటనే అటవీశాఖవారికి తెలుపుడు. శాస్త్రజ్ఞులు అపాయమును ముందుగా చెప్పగలరు. దానిని తప్పించుట మాత్రము మన చేతిలోనే యున్నది.