స్కూబీ మెడలో పట్టీ ఎందుకు?

స్కూబీ డూ కార్టూన్లు మీలో చాలామంది టీవీలో చూసే ఉంటారు. నలుగురు కుర్రకారు, వాళ్ల వెంట మాటలొచ్చిన ఓ పిరికి కుక్క. పాడుబడ్డ బంగళాలో దెయ్యం తరుముతుంది. చివరికి దాన్ని పట్టుకుని ముసుగు లాగితే లోపల మామూలు మనిషే! పక్కవాడి భూమి చవగ్గా కొట్టేయడానికో, దొంగనోట్ల వ్యాపారం బయటపడకుండా ఉండడానికో జనాన్ని హడలగొడుతూ ఉంటాడన్న మాట. అమెరికాలో సి.బి.ఎస్. టెలివిజన్ 1969 సెప్టెంబరు 13న, శనివారం ఉదయం, ఈ కథలు మొదలుపెట్టింది.

దెయ్యం ముసుగు వాళ్లు తీస్తారు సరే, ఆ బొమ్మల ముసుగు మనం తీద్దామా?

సినిమా ఫిల్ములో సెకనుకు 24 బొమ్మలు కంటి ముందు నుంచి సాగిపోతాయి. వాటిలో ఏదీ కదలదు. ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ ఉన్న కొద్దిపాటి తేడాను మన మెదడు కదలికగా గ్రహిస్తుంది. (కంటిలో బొమ్మ కాసేపు నిలిచి ఉండడమే కారణమని పాత పుస్తకాల్లో ఉంటుంది. అదొక్కటే చాలదు, అసలు పని మెదడుది.) ఇప్పుడు లెక్క వేయండి. 22 నిమిషాల కథకు 31,680 ఫ్రేములు కావాలి. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములకు వాడుకున్నా 15,840 బొమ్మలు. అన్నీ కొత్తగా గీయాలంటే టెలివిజన్ వాళ్లిచ్చే డబ్బు ఏ మూలకు?

స్కూబీని తయారుచేసిన సంస్థ విలియం హానా, జోసెఫ్ బార్బెరాలది. అంతకుముందు ఎం.జి.ఎం. కంపెనీలో టామ్ అండ్ జెర్రీ తీసి, ఏడు ఆస్కార్లు తెచ్చినవాళ్లు వీళ్లే. ఆ చిత్రాల్లో పిల్లి మీసం దగ్గర్నుంచి తోక చివరిదాకా అంతా కదిలేది. 1957లో అక్కడి కార్టూన్ విభాగం మూతపడింది. సొంత సంస్థ పెట్టుకున్నాక ఈ ఇద్దరూ వీలైనంత తక్కువ గీసి పని జరుపుకోవడం మొదలుపెట్టారు.

ఎలాగంటారా? బొమ్మను ముక్కలు చేశారు! ఒళ్లు ఒక పారదర్శకమైన పలక మీద, తల ఇంకొకదాని మీద, నోరు మరొకదాని మీద గీసి, ఒకదానిపై ఒకటి పేర్చి ఫొటో తీసేవారు. మాట్లాడే చోట నోటి పలక మారిస్తే చాలు. తల ఊపాలంటే తల పలక. మరి తలకూ ఒంటికీ మధ్య అతుకు కనబడదూ? అందుకే మెడలో పట్టీ! స్కూబీకి నీలం పట్టీ, ఫ్రెడ్‌కు నారింజరంగు రుమాలు. ఇదే సంస్థ సృష్టించిన యోగి ఎలుగుబంటి ఒంటిమీద చొక్కా లేదు గాని, మెడకు కాలరూ టై మాత్రం ఉంటాయి.

పరుగులోనూ ఇదే పొదుపు. కాళ్లకు కొన్ని బొమ్మలే గీసి తిప్పితిప్పి వాడతారు. వెనకాల ఉన్న గోడ బొమ్మను పక్కకు జరుపుతారు. మళ్లీ చూసినప్పుడు లెక్కపెట్టండి: దాటిపోయిన తలుపే కాసేపటికి మళ్లీ వస్తుంది!

ఇంకో ఆధారం కూడా ఉంది. గోడలు, చెట్లు కాగితం మీద వెలుగునీడలతో వేసిన రంగు చిత్రాలు. కదలవలసిన వస్తువును మాత్రం పలక మీద గీతగీసి, చదునుగా ఒకే రంగు పూస్తారు. కాబట్టి రాతిగోడలో ఒక్క రాయి తేడాగా కనబడితే, రహస్య ద్వారం అక్కడే. వెల్మా కన్నా ముందు మీరే చెప్పవచ్చు!

తర్వాత ఈ కథలు చాలా రూపాలెత్తాయి. 1988లో స్కూబీని కుక్కపిల్లను చేశారు. 1998 నాటి జాంబీల దీవి చిత్రంలో ముసుగు లాగబోతే తలే ఊడి వచ్చింది, అవి నిజం జాంబీలే! చాలామందికి ఆ చిత్రమంటే ఇష్టం. ఆధారాలు వెతికి దొంగను పట్టే పాత కథలే నాకు మేలనిపిస్తాయి. 2002లో మనుషులు నటించిన సినిమా వచ్చింది. అందులో కుక్కను కంప్యూటర్లో తయారుచేసి తర్వాత కలిపారు. దానికి పలకలూ లేవు, అతుకులూ లేవు. అయినా మెడలో నీలం పట్టీ మాత్రం అలాగే ఉంది.