దీపం లేని ఊరు

రామాయంపేట దగ్గర మా నాయనమ్మ వాళ్ళ ఊళ్ళో, చెరువు వెనకాల ఒక గడ్డ ఉంది. చుట్టూ ఎర్ర నేల, అదొక్కటే బూడిద రంగు. అందరూ పాటి అంటారు. చిన్నప్పుడు అది ఎవరిదో ఇంటిపేరు అనుకున్నాను, ఇంగ్లిష్ మీడియం మరి. నాడు, నాటి అయినట్టే పాడు, పాటి. అంటే పాడుపడ్డ ఊరి జాగా. రెవెన్యూ రికార్డుల్లో మనుషులు లేని ఊరిని బేచిరాక్ అని రాస్తారు. పారసీలో బే అంటే లేని, చిరాగ్ అంటే దీపం. సర్కారు కాగితంలో ఇంత మంచి మాట ఉంటుందనుకోలేదు.

ఊరు పోయినా గడ్డ ఎందుకు మిగులుతుంది? మట్టిగోడలు వానకు కూలతాయి, వాటి మీదే కొత్తవి లేస్తాయి. పొయ్యి బూడిద, పేడ, ఎముకలు, పగిలిన కుండలు అక్కడే పడతాయి. పైపొర కొత్తది, కింది పొర పాతది, మన కమిట్ హిస్టరీ లాగా. ఏ పెంకు, ఏ నాణెం ఏ పొరలో దొరికిందో రాసుకుంటూ తవ్వేవాళ్ళు కాలం లెక్కగడతారు. మన ఉమ్మడి మెదక్ జిల్లాలోనే, కొండాపూర్ దిబ్బను 1940ల్లో నిజాం పురావస్తు శాఖ గులాం యజ్దానీ ఆధ్వర్యంలో అలా తవ్వితే శాతవాహనుల నాటి పట్టణం బయటపడింది.

మా పాటి ఎందుకు ఖాళీ అయిందంటే నాయనమ్మ "గత్తరొచ్చి పోయిన్రు బిడ్డా" అంది. ఇంగ్లండ్‌లో వారమ్ పెర్సీ అనే ఊరి గురించీ ఇలాగే ప్లేగు అనుకునేవారు. 1950 నుంచి 1990 దాకా ఏటా ఎండాకాలం తవ్వారు. ప్లేగు తర్వాత కూడా వందేళ్ళకు పైగా అక్కడ జనం ఉన్నారని తేలింది. 1500 ప్రాంతంలో గొర్రెల మేపు కోసం మిగిలినవాళ్ళను భూస్వాములు వెళ్ళగొట్టారు. అట్లని నాయనమ్మ మాట తప్పని కాదు. గత్తరో, చెరువు కట్ట తెగడమో, పన్నుల బాధో, గడ్డను పొర పొరగా చూస్తే కానీ చెప్పలేం.

కానీ ఆ గడ్డ ఏటేటా తగ్గిపోతోంది. బూడిద, పేడ, ఎముకల వల్ల పాటిమట్టిలో భాస్వరం ఎక్కువ, పంటకు మంచి ఎరువు. అందుకే ట్రాక్టర్లు. పాత ఊళ్ళ జాడ పట్టడానికి పురావస్తు వాళ్ళు వెతికేదీ ఆ భాస్వరాన్నే. రైతుల్ని ఏమనను? ఇంటర్ సెలవుల్లో మా చేనుకు రెండు ట్రిప్పులు తోలినప్పుడు పార పట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఒక నల్ల గాజుముక్క, కుండ మూతి పెంకు దొరికితే జేబులో వేసుకున్నాను. ఇప్పుడవి హాస్టల్ టేబుల్ మీద ఉన్నాయి. ఎంత లోతులో దొరికాయో రాసుకోలేదు.