విరేచనాలు గట్టిపడాలంటే ముందు నీళ్ళు, తర్వాతే గంజి

కాఫీ కప్పుతోనో ఇడ్లీ ప్లేటుతోనో కూర్చుని వింటున్నవాళ్ళు ఉంటే ముందే క్షమించమంటున్నాను. ఈవారం విషయం అలాంటిది మరి. లూజ్ మోషన్స్ గురించి మాట్లాడుకుందాం. నేను డాక్టర్ని కాను, సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుని. పోయిన చలికాలం మా ఇంట్లో జరిగిన సంగతి వల్ల కొంత చదివాను, మా పిల్లల డాక్టర్ని అడిగి కొంత తెలుసుకున్నాను. అదే మీతో పంచుకుంటున్నాను.

మా పాపకి అప్పుడు పద్నాలుగు నెలలు. డేకేర్ నించి ఏదో అంటించుకొచ్చింది. ఒక శుక్రవారం రాత్రి రెండు వాంతులు, తెల్లారేసరికి నీళ్ళ విరేచనాలు. అమ్మానాన్నా అప్పటికి నెల క్రితమే గుడివాడ నించి వచ్చి ఉన్నారు. అమ్మ వెంటనే, "ఒరేయ్, దానికి నీళ్ళు తగ్గించరా, పోసినకొద్దీ పోతూనే ఉంటుంది" అంది. నేను "అదేం కాదమ్మా, డీహైడ్రేట్ అయిపోతుంది" అని గొప్పగా చెప్పి సిప్పీ కప్పు నిండా ఆపిల్ జ్యూస్ పోసిచ్చాను. జ్యూస్ తాగిన అరగంటకల్లా డైపరు మార్చాల్సి వచ్చేది. చూశావా అని అమ్మ. లోపల ఉన్నది పోవాలి కదా అని నేను. శనివారం సాయంత్రానికి పాప ఏడుస్తుంటే కళ్ళల్లో నీళ్ళు రావటం లేదని మా ఆవిడ కనిపెట్టింది. డైపరు తడిసి ఏడు గంటలయింది. అప్పుడు పరిగెత్తాం ఎమర్జెన్సీకి.

నేనైతే సెలైన్ ఎక్కిస్తారని అనుకుంటున్నాను. నర్సు వచ్చి ఒక సూది లేని సిరంజి, ఒక సీసా చేతికిచ్చి, రెండు మూడు నిమిషాలకోసారి 5 మిల్లీలీటర్లు నోట్లో పొయ్యండి, అంతకంటే ఎక్కువ వద్దు అంది. అమెరికా వచ్చి, ఇంత పెద్ద ఆసుపత్రిలో, ఉప్పు పంచదార నీళ్ళా అని నా మొహం పాలిపోయింది. మా ఆవిడ ఫోనులో టైమరు పెట్టుకుని పోస్తూ కూర్చుంది. వాంతి కాలేదు. రెండున్నర గంటల తర్వాత డైపరు తడిసింది. తడి డైపరు చూసి అంత సంతోషపడతానని జీవితంలో ఎప్పుడూ అనుకోలేదు. ఆ తర్వాత వచ్చిన బిల్లు సంగతి ఇంకో వారం చెబుతాను.

ఇంటికొచ్చాక తెలిసిందేమిటంటే అమ్మా తప్పే, నేనూ తప్పే.

మన పేగుల్లోకి రోజుకి సుమారు 8, 9 లీటర్ల ద్రవం వస్తుందిట. మనం తాగేది అందులో రెండు లీటర్లే, మిగతాదంతా లాలాజలం, జీర్ణరసాలు, పైత్యరసం. అంతా తిరిగి ఒంట్లోకి ఇంకిపోగా బయటికొచ్చే మలంలో మిగిలే నీరు ఒక గ్లాసుకి మించదు. అంటే పేగులు పీల్చుకోవటంలో కాస్త వెనకబడినా చాలు, మలం నీళ్ళయిపోతుంది. అలాంటప్పుడు తాగే నీళ్ళు ఆపితే విరేచనం ఆగదు. ఒంట్లోంచి పోయేది పోతూనే ఉంటుంది, లోపలికొచ్చేది మాత్రం ఆగిపోతుంది. అమ్మ చూసింది అబద్ధం కాదు. కడుపులో ఏదైనా పడగానే పెద్దపేగు కదలటం సహజం, అందుకే పొయ్యగానే పోయినట్టు కనిపిస్తుంది.

ఇక నా తప్పు. పేగు గోడలో ఒక గుమ్మం ఉంది, అందులోంచి ఉప్పులోని సోడియం, గ్లూకోజు జంటగా వస్తేనే లోపలికి పోనిస్తారు. అవి వెళితే వెనకాలే నీళ్ళు వెళతాయి. విరేచనాలప్పుడు కూడా ఈ గుమ్మం చాలావరకు పనిచేస్తూనే ఉంటుంది. ఓఆర్‌ఎస్ రహస్యమంతా ఇదే. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ఓఆర్‌ఎస్‌లో లీటరుకి 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, ఇంకా పొటాషియం క్లోరైడు, సిట్రేటు ఉంటాయి. ఆపిల్ జ్యూస్‌లో లీటరుకి సుమారు 100 గ్రాముల చక్కెర, ఉప్పు దాదాపు సున్న. పైగా ఆ చక్కెరలో ఎక్కువ భాగం ఫ్రక్టోజు, దానికి తోడు సార్బిటాల్. ఇంకని చక్కెర పేగులో నిలిచిపోయి ఒంట్లోని నీళ్ళని తనవైపు లాగుతుంది. అంటే నేను పాపకి జ్యూస్ పేరుతో విరేచనాల మందు పోశానన్నమాట. సగానికి సగం నీళ్ళు కలిపిన ఆపిల్ జ్యూస్ తేలికపాటి కేసుల్లో పనికొస్తుందని 2016లో కెనడా డాక్టర్లు చూపించారు. అది నీరసించని పిల్లల సంగతి. మా పాప ఆ హద్దు దాటేసింది.

ఈ ఉప్పు పంచదార నీళ్ళకి మన దేశంలో పెద్ద కథే ఉంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు బంగావ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చి, సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ గారు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళని డ్రమ్ముల్లో పెట్టించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. నూటికి ముప్ఫై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకి పడిపోయాయి. ఆయన 2022లో పోయారు. మరుసటి ఏడు పద్మవిభూషణ్ ఇచ్చారు. బతికుండగా ఇచ్చుంటే బాగుండేదని నాకనిపిస్తుంది.

ఇక్కడ ఏ ఫార్మసీలో అయినా పెడియాలైట్ లాంటివి దొరుకుతాయి. అర్ధరాత్రి ఏదీ దొరక్కపోతే, కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే 5 మిల్లీలీటర్ల కొలత చెంచా, పైన కత్తితో చదును చెయ్యాలి. ఉజ్జాయింపుగా వెయ్యకండి, ఉప్పెక్కువయితే పసిపిల్లలకి ప్రమాదం. ఇండియా నించి డబ్బాలు తెచ్చుకునేవాళ్ళు మాత్రం లేబుల్ చదవండి. పేరులో ఓఆర్‌ఎస్ అని ఉండి లోపల తియ్యటి పానకం ఉన్నవి చాలాకాలం అమ్మారు. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, సరయిన ఫార్ములా లేని పానీయాల మీద ఆ మాట వాడకూడదని ఆదేశించింది. పాత ప్యాకెట్లు అలమరల్లో ఉంటే చూసుకోండి.

సరే, నీళ్ళ సంగతయింది. గట్టిపడేది ఎలా? ఇక్కడ అమ్మకి మార్కులు పడ్డాయి.

వార్చిన గంజిలో చిటికెడు ఉప్పు వేసి ఇవ్వటం చాలా మంచి పని. బియ్యంలోని పిండి నెమ్మదిగా గ్లూకోజుగా విడిపోతుంది, చక్కెరలాగా ఒక్కసారి నీళ్ళు లాగదు. మా డాక్టరుకి గంజి అంటే ఏమిటో వివరించటానికి ఐదు నిమిషాలు పట్టింది, విన్నాక బాగుందన్నాడు. అరటికాయ ఉడికించి పెట్టడం ఇంకా బాగా పనిచేస్తుంది. 2001లో బంగ్లాదేశ్‌లో ఎన్నాళ్ళకీ తగ్గని విరేచనాలున్న పిల్లలకి ఉడికించిన పచ్చి అరటికాయ పెట్టి చూస్తే త్వరగా గట్టిపడిందని తేలింది. దానిలోని అరగని పిండి పెద్దపేగు దాకా వెళ్ళి, అక్కడి సూక్ష్మజీవుల వల్ల కొన్ని ఆమ్లాలుగా మారుతుంది. ఆ ఆమ్లాలు ఉప్పునీ నీటినీ లోపలికి పీల్చుకునేట్టు చేస్తాయి. ఇండియన్ స్టోర్లో అరటికాయ లేకపోతే మామూలు స్టోర్లో ప్లాంటేన్ అని అమ్మేది వాడొచ్చు, పచ్చగా ఉన్నది చూసి కొనండి. మెత్తటి అన్నంలో పెసరకట్టు, పెరుగన్నం, సగ్గుబియ్యం జావ, ఉడికించిన బంగాళాదుంప, కేరట్, ఇవన్నీ బాగానే ఉంటాయి.

ఒకప్పుడు ఇక్కడ అరటిపండు, అన్నం, ఆపిల్‌సాస్, టోస్టు తప్ప ఇంకేం పెట్టొద్దనేవారు. ఇప్పుడు పిల్లల డాక్టర్లు అలా అనటం లేదు. వాటిలో మాంసకృత్తులు, కొవ్వు చాలవు. వాంతులు తగ్గి తినగలిగిన వెంటనే వయసుకు తగ్గ మామూలు తిండికి వచ్చెయ్యమంటున్నారు. లంఖణం పరమౌషధం అన్న మాట పసిపిల్లల దగ్గర పనికిరాదు. తల్లిపాలు అసలు ఆపకూడదు.

అమ్మ పెట్టెలోంచి తీసిన జాజికాయ దగ్గర మాత్రం నేను అడ్డుపడ్డాను. అరగదీసి నాకిస్తే పిల్లలు మత్తుగా పడుకుంటారు. విరేచనాలప్పుడు మత్తే ప్రమాద సూచన, దాన్ని మనమే తెచ్చిపెడితే అసలు మత్తేదో ఎలా తెలుస్తుంది? అలాగే ఏడాదిలోపు పిల్లలకి తేనె వద్దు. పెరుగులో మెంతులు మింగటం, డికాషన్లో నిమ్మరసం పిండుకోవటం పెద్దవాళ్ళ ఇష్టం. మెంతుల్లో బంకలా నీళ్ళు పట్టుకునే పీచు ఉంది, దాని వల్ల కొందరికి గట్టిపడుతుంది.

ఇమోడియం రెండేళ్ళలోపు పిల్లలకి ఇవ్వనే కూడదు. ఆరేళ్ళలోపు డాక్టరు చెబితే తప్ప వద్దని డబ్బా మీదే ఉంటుంది. జ్వరం, రక్తం ఉంటే పెద్దవాళ్ళూ సొంతంగా వేసుకోకూడదు. పెప్టో బిస్మాల్‌లో ఆస్పిరిన్ జాతి మందు ఉంది. పన్నెండేళ్ళలోపు పిల్లలకీ, రక్తం పలచబడే మాత్రలు వాడే పెద్దలకీ డాక్టర్ని అడగందే ఇవ్వకండి. ఇండియా నించి తెచ్చి దాచుకున్న యాంటీబయాటిక్ స్ట్రిప్పుల జోలికి వెళ్ళకండి. డేకేర్ పిల్లలకి వచ్చేవి ఎక్కువ వైరస్‌లే, వాటి మీద అవి పనిచెయ్యవు, పైగా ఆ మాత్రల వల్లే మోషన్స్ అవ్వొచ్చు. చేతులు సబ్బుతో కడుక్కోండి, నోరోవైరస్‌కి శానిటైజరు అంతగా పనిచెయ్యదు. మాకు ఆ పాఠం వారం తర్వాత ఇంట్లో అందరికీ వరసగా వచ్చినప్పుడు తెలిసింది.

పాప గోల సర్దుకున్నాక నాన్న మెల్లిగా చెప్పారు, వచ్చినప్పటినించీ తనకీ రోజుకి నాలుగైదుసార్లు పలచగానే అవుతోందని. ఈ ఊరి నీళ్ళు పడలేదనుకుని ఊరుకున్నారుట. విజిటర్ ఇన్సూరెన్సు ఖర్చు నా నెత్తిన పడుతుందని చెప్పలేదని తర్వాత అమ్మ అంది. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఇలాంటివి చెప్పరు, మనమే అడగాలి.

కూర్చుని ఒక్కొక్కటే లెక్క రాశాం. షుగరుకి మెట్‌ఫార్మిన్, వచ్చేముందే డోసు పెంచారు. గ్యాలన్ల పాలు చవగ్గా ఉన్నాయని పూటకో గ్లాసు పాలు. షుగరున్నవాళ్ళకి మంచిదని నేనే కొనిపెట్టిన షుగర్‌ఫ్రీ చాక్లెట్లు. మెట్‌ఫార్మిన్ చాలామందికి మోషన్స్ తెస్తుంది. పాలలోని లాక్టోజు మన దక్షిణాది పెద్దల్లో ఎక్కువమందికి సరిగా అరగదు. షుగర్‌ఫ్రీ అన్నదాంట్లో మాల్టిటాల్, సార్బిటాల్ ఉంటాయి, అవీ నీళ్ళు లాగేవే. మూడూ ఒకే కడుపులో పడ్డాయి. చాక్లెట్లు ఆపి, పాల బదులు మజ్జిగ మొదలుపెట్టాం. ఫోన్లో వాళ్ళ డాక్టర్ని అడిగితే మెట్‌ఫార్మిన్ నెమ్మదిగా కరిగే రకానికి మార్చారు. దానికి తోడు రోజుకో చెంచా ఇసబ్‌గోల్, గ్లాసు నిండా నీళ్ళతో. మలబద్ధకానికి వాడేది దీనికెందుకని నాన్న ఒప్పుకోలేదు. అది నీటిని పట్టుకుని జెల్లీలా అవుతుంది కనక గట్టిగా ఉంటే మెత్తబడుతుంది, పలచగా ఉంటే చిక్కబడుతుంది. మిగతా మాత్రలకీ దీనికీ రెండు గంటల ఎడం ఉంచాలి. పది రోజుల్లో రోజుకి ఒకటి రెండుసార్లకి వచ్చింది.

నీళ్ళ విరేచనాలు జోరుగా ఉన్నప్పుడు మాత్రం బీపీ, షుగరు మాత్రలు వాడే పెద్దవాళ్ళు ఆరోజే డాక్టరుకి ఫోను చెయ్యాలి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు వాటిలో కొన్ని మూత్రపిండాలకి ఇబ్బంది చేస్తాయి. ఏది ఆపాలో ఏది కొనసాగించాలో ఆయనే చెప్పాలి.

ఇక పరిగెత్తవలసిన సందర్భాలు, కాగితం ఉంటే రాసుకోండి. పిల్లలు ఆరేడు గంటలపాటు మూత్రం పొయ్యకపోతే, ఏడుపులో కన్నీళ్ళు లేకపోతే, కళ్ళు లోపలికి పోతే, లేపినా మగతగా ఉంటే, చెంచాలతో ఇచ్చిందీ నిలవకపోతే, రక్తం కనిపిస్తే. ఆరు నెలలలోపు పసివాళ్ళయితే ఇవేవీ రాకముందే ఫోను చెయ్యండి. పెద్దవాళ్ళకి రెండు రోజులు దాటినా, నల్లగా తారులా అయినా, నిలబడితే కళ్ళు తిరిగినా ఆగొద్దు. నాలుగు వారాలు దాటి సాగేది, బరువు తగ్గిస్తున్నది, నిద్రలోంచి లేపేది వంటింటి మందులకి లొంగేది కాదు, పరీక్షలు చేయించాలి.

అమ్మ గుడివాడ వెళ్ళేటప్పుడు ఇక్కడి కొలత చెంచాల గుత్తి ఒకటి సూట్‌కేసులో పెట్టుకుంది. మొన్న ఫోన్లో పక్కింటావిడ మనవడి గురించి చెబుతూ, "చదునుగా కొలిచి మరీ కలిపిచ్చానురా, గంజి కూడా పట్టించాను" అంది.